లైసెన్స్ మీద సంతకం ఎవరిది? యూరప్ రాజకీయాల గురించి అడిగినవారికి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. పొలిటికల్ సైన్స్‌లో ఎంఏ చేస్తున్నారు. సిలబస్‌లో యూరోపియన్ యూనియన్ వాణిజ్యం ఒక యూనిట్, విదేశాంగ విధానం ఇంకో యూనిట్, టెక్నాలజీ చివర్లో నాలుగు పేజీలు. పేపర్ తెరిస్తే మాత్రం మూడూ ఒకే వార్తలో పీటముడి పడి కనబడుతున్నాయి. 27 దేశాలూ ఒకటే అంటారు కదా, మరి ఒక్కో దేశం ఒక్కో దారిన ఎందుకు పోతుంది అని కూడా అడిగారు.

నేను ప్రొఫెసర్‌ని కాదు. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ దగ్గర విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఎగుమతి అనుమతుల పని చూస్తాను, పన్నెండేళ్లు దాటింది. నా పనల్లా ఫలానా పెట్టె ఫలానా దేశానికి పంపొచ్చా, పంపాలంటే ఎవరి సంతకం కావాలి అని చూడటమే. కాబట్టి నా జవాబు కూడా సంతకాల వైపు నుంచే వస్తుంది. థియరీ కావాలంటే మీ మేడమ్‌ని అడగండి.

యూరప్‌లో దిగుమతి సుంకం వేసే అధికారం బ్రస్సెల్స్‌ది, అంటే యూరోపియన్ కమిషన్‌ది. ఎగుమతి లైసెన్స్ ఇచ్చేది మాత్రం ఆయా దేశ ప్రభుత్వం. ఇక దేశ రక్షణ సంగతికొస్తే చాలావరకు అమెరికా గొడుగు కిందే కాలక్షేపం. ఒకే సరుకు లోపలికి వస్తే ఒకరి సంతకం, బయటికి పోతే ఇంకొకరి సంతకం, ఆ ఇద్దరూ మొహమాటపడేది మూడోవాళ్లకి. బయటినుంచి ఒత్తిడి పెట్టదలచుకున్నవాడు ఈ మూడింట్లో ఎక్కడ పట్టు సడలిందో చూసుకుని అక్కడే పట్టుకుంటాడు. అమెరికా అయినా, చైనా అయినా చేసేది అదే. మీరు అడిగిన మూడూ కలిసే చోటు ఇదే అని నా అభిప్రాయం.

ఇప్పుడు ఏఎస్‌ఎంఎల్ సంగతి. ఐండ్‌హోవెన్ పక్కనే వెల్డ్‌హోవెన్ అనే చిన్న ఊళ్లో ఉంది. 1984లో ఫిలిప్స్, ఏఎస్ఎం అనే ఇంకో డచ్ కంపెనీ కలిసి మొదలుపెట్టారు. సిలికాన్ పలక మీద చిప్ నమూనాని కాంతితో ముద్రించే యంత్రాలు చేస్తారు. వాటిలో అన్నిటికన్నా సూక్ష్మంగా ముద్రించేది ఈయూవీ, 13.5 నానోమీటర్ల కాంతితో పనిచేసేది, ప్రపంచం మొత్తం మీద వీళ్లొక్కరే చేస్తారు. లోపల సెకనుకి 50,000 తగరపు బిందువులు రాలుతుంటే ఒక్కోదాన్ని లేజర్‌తో రెండుసార్లు కొడతారు, అప్పుడు పుడుతుంది ఆ కాంతి. లేజర్ జర్మనీలో ట్రంఫ్ వాళ్లది, అద్దాలు జర్మనీలోనే జైస్ వాళ్లవి, కాంతి పుట్టించే భాగం మాత్రం అమెరికాలో శాన్ డియాగో దగ్గర తయారవుతుంది, అది చేసే సైమర్ అనే కంపెనీని 2013లో వీళ్లే కొనేశారు. ఒక్క యంత్రం పంపాలంటే మూడు బోయింగ్ 747 విమానాలు కావాలి. ఈ ప్రాంతంలో మావాళ్లు, అంటే తెలుగువాళ్లు, బాగానే ఉన్నారు. వీకెండ్‌లో ఎవరింట్లోనైనా నలుగురు చేరితే బిర్యానీ తర్వాత చర్చ ఇమిగ్రేషన్ రూల్సో, చైనా లైసెన్సులో, రెండిట్లో ఒకటి.

2018లో ఎస్‌ఎంఐసీ అనే చైనా కంపెనీ ఒక ఈయూవీ యంత్రం ఆర్డర్ చేసింది. డచ్ ప్రభుత్వం లైసెన్స్ కూడా ఇచ్చింది. తర్వాత అమెరికా నుంచి మంత్రులు, అధికారులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం మొదలైంది. 2019 జులైలో డచ్ ప్రధాని మార్క్ రుట్టే వైట్‌హౌస్‌కి వెళ్లొచ్చారు. ఇచ్చిన లైసెన్స్ గడువు ముగిశాక మళ్లీ పొడిగించలేదు. అంతే. నిషేధం అని ఎవరూ అనలేదు, చట్టం ఏదీ మారలేదు, ఒక కాగితం రెన్యూ కాలేదు, యంత్రం ఇప్పటికీ చైనా చేరలేదు. మన దగ్గర ఆఫీసుల్లో ఫైలు కదలకపోవడం అంటే ఏమిటో తెలిసినవాళ్లకి ఇది వేరే వివరించక్కర్లేదు. దౌత్యంలో కూడా ఫైలు కదలకపోవడం ఒక నిర్ణయమే, పైగా ఎవరి మొహం మీదా తలుపు వేయకుండా తీసుకున్న నిర్ణయం.

డచ్ కంపెనీ మీద అమెరికాకి ఇంత పట్టు ఎలా వచ్చింది అని అడగొచ్చు. యంత్రం లోపల అమెరికా భాగాలు ఉండటం ఒకటి. ఇంకోటి పాత చరిత్ర. ఈయూవీ మూల పరిశోధన అమెరికా ప్రభుత్వ ప్రయోగశాలల్లో జరిగింది, అందులోకి ఏఎస్‌ఎంఎల్‌ని రానిచ్చారు. 2001లో సిలికాన్ వ్యాలీ గ్రూప్ అనే అమెరికన్ కంపెనీని వీళ్లు కొన్నప్పుడు వాషింగ్టన్ భద్రత కోణంలో చూసి, షరతులు పెట్టాకే ఒప్పుకుంది. అంటే తాడు మెడలో పడి ఇరవై ఏళ్లు దాటింది. 2019లో లాగారు కాబట్టి మనకి కనబడింది.

2022 అక్టోబర్ 7న అమెరికా చైనాకి వెళ్లే చిప్ టెక్నాలజీ మీద తన ఎగుమతి నియమాలు బాగా బిగించింది. మా వైపు కంపెనీలు చేతిలో అమెరికా భాగాల జాబితా పట్టుకుని రాత్రిళ్లు కూర్చున్న రోజులవి. అక్కడినుంచి ఒత్తిడి ఈయూవీ దగ్గర ఆగలేదు, ఒక మెట్టు కింద ఉన్న డీయూవీ యంత్రాల దాకా వచ్చింది. 2023 మార్చిలో డచ్ వాణిజ్య మంత్రి లీస్యే ష్రైనెమాకర్ పార్లమెంటుకి ఒక లేఖ రాశారు. జాతీయ భద్రత కోసం కొన్ని అధునాతన చిప్ యంత్రాలకి లైసెన్స్ తప్పనిసరి చేస్తాం అని అందులో సారాంశం. ఆ లేఖలో చైనా పేరు లేదు, ఏఎస్‌ఎంఎల్ పేరూ లేదు. వీలైతే ఆ లేఖ చదవండి, కర్ర విరగకుండా పాముని కొట్టడం ఎలాగో తెలుస్తుంది.

జూన్ 30న నిబంధన ప్రచురించారు, సెప్టెంబర్ 1 నుంచి అమలు. జూన్ 30 గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మూడు రోజుల తర్వాత జులై 3న చైనా గాలియం, జర్మేనియం ఎగుమతులకి ఆగస్ట్ 1 నుంచి లైసెన్స్ కావాలని ప్రకటించింది. చిప్పుల్లో, రాడార్లలో, ఫైబర్ కేబుళ్లలో వాడే లోహాలివి, గాలియం అయితే దాదాపు మొత్తం చైనా నుంచే వస్తుంది. వాళ్లూ ఏ దేశం పేరూ ఎత్తలేదు. మీరు లైసెన్స్ అన్నారు, మేమూ లైసెన్స్ అంటున్నాం. భాషతో సహా తిరిగి అప్పజెప్పారు.

ఇది ఎందుకు యూరప్ చట్టం కాకుండా డచ్ చట్టం అయింది అన్నది మీ రెండో ప్రశ్నకి జవాబు. సైనికంగానూ పౌర అవసరాలకీ పనికొచ్చే వస్తువుల మీద యూరప్ అంతటికీ ఒక ఉమ్మడి జాబితా ఉంది, 2021 నాటి 821వ రెగ్యులేషన్. ఆ జాబితాలోకి కొత్త వస్తువులు చాలావరకు వాసెనార్ ఒప్పందం అనే అంతర్జాతీయ ఏర్పాటు నుంచి వస్తాయి. అందులో 42 దేశాలు, 2017 డిసెంబర్ నుంచి మన దేశమూ ఉంది. అందరూ ఒప్పుకుంటేనే ఏదైనా చేరుతుంది, ఆ అందరిలో రష్యా కూడా ఉంది. యుక్రెయిన్ యుద్ధం తర్వాత అక్కడ ఏకాభిప్రాయం అంటే గోడకి తల కొట్టుకోవడమే. ఇక మిగిలింది యూరప్ రెగ్యులేషన్‌లోనే ఉన్న ఒక చిన్న కిటికీ. ప్రజా భద్రత కారణంగా ఒక సభ్యదేశం సొంతంగా అదనపు నియంత్రణ పెట్టుకోవచ్చు అని. డచ్‌వాళ్లు ఆ కిటికీలోంచి వెళ్లారు. బ్రస్సెల్స్ చూస్తూ ఉండిపోయింది.

లైసెన్స్ ఫైల్ అంటే ఎలా ఉంటుందో కూడా చెప్తాను, పుస్తకాల్లో ఇది దొరకదు. కాంట్రాక్ట్ లేదా ఆర్డర్ కాపీ, వస్తువు సాంకేతిక వివరాలు, కస్టమ్స్ కోడ్, నియంత్రణ జాబితాలో దాని కోడ్. వీటన్నిటికన్నా ముఖ్యమైంది కొనేవాడు ఇచ్చే హామీ పత్రం. ఈ వస్తువుని ఫలానా చోట, ఫలానా పనికి మాత్రమే వాడతాం, సైన్యానికి ఇవ్వం, మీ అనుమతి లేకుండా ఇంకొకరికి అమ్మం అని వాళ్ల లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం చేసి, స్టాంపు వేయాలి. ఫైల్ గ్రోనింగెన్‌లో కస్టమ్స్ వాళ్ల లైసెన్స్ విభాగానికి వెళ్తుంది. సున్నితమైనదైతే హేగ్‌లో విదేశాంగ శాఖ చూస్తుంది. గమనించండి, దరఖాస్తు తీసుకునేది కస్టమ్స్, ఇవ్వాలా వద్దా అని తేల్చేది దౌత్యవేత్తలు. మీ సిలబస్‌లో రెండు యూనిట్లుగా ఉన్నది గ్రోనింగెన్‌లో ఒకే ఫైల్.

మాకు ఒకసారి అరచేతిలో పట్టేంత భాగం ఉన్న పెట్టె ఏడు వారాలు గోడౌన్‌లో కూర్చుంది. కారణం ఏమిటంటే హామీ పత్రంలో ఇంగ్లిష్‌లో రాసిన చిరునామా ఒకటి, చైనీస్ స్టాంపులో ఉన్న చిరునామా ఇంకోటి. అదే కంపెనీ, అదే వీధి, బిల్డింగ్ మారింది, మా దగ్గర పాత ఫారమే వాడేశారు. తప్పు మాదే. కానీ ఆ ఏడు వారాల్లో అవతలివాళ్లు పంపిన మెయిళ్ల స్వరం చూడాలి. మొదట్లో ‘దయచేసి త్వరగా’, నాలుగో వారానికి ‘మీ ప్రభుత్వం ఆపమందా?’, ఏడో వారానికి లోకల్ సప్లయర్‌ని చూసుకుంటున్నాం అని. చిరునామా తప్పుని కూడా వాళ్లు రాజకీయంగానే చదివారు, అలా చదవడంలో వాళ్ల తప్పు నాకేమీ కనబడలేదు.

దీన్నంతా చూసి డచ్‌వాళ్లు అమెరికా చెప్పిందల్లా చేశారు అని తేల్చేయకండి. 2023 అక్టోబర్‌లో అమెరికా ఇంకో అడుగు వేసింది. కొంచెం పాతవైన 1970ఐ, 1980ఐ అనే డీయూవీ యంత్రాలు చైనాలోని కొన్ని ఫ్యాక్టరీలకి వెళ్లాలంటే అమెరికా లైసెన్స్ కావాలంది, లోపల అమెరికా భాగం కాస్త ఉన్నా చాలని. అంటే వెల్డ్‌హోవెన్‌లో తయారైన యంత్రం షాంఘై వెళ్లాలా వద్దా అని వాషింగ్టన్‌లో ఎవరో గుమాస్తా తేలుస్తాడు. దాదాపు ఏడాది అలాగే నడిచింది. 2024 సెప్టెంబర్‌లో డచ్ ప్రభుత్వం తన జాబితాని పెంచి ఆ రెండు మోడళ్లనీ అందులో చేర్చింది. పేపర్లన్నీ ‘చైనా మీద ఇంకా బిగించిన నెదర్లాండ్స్’ అని రాశాయి. ఏఎస్‌ఎంఎల్ ప్రకటన చూస్తే అసలు సంగతి ఒక వాక్యంలో ఉంది, ఇకమీదట ఈ యంత్రాలకి లైసెన్స్ అమెరికా ప్రభుత్వాన్ని కాకుండా డచ్ ప్రభుత్వాన్ని అడుగుతాం అని. ఆంక్ష పెంచి సంతకం ఇంటికి తెచ్చుకున్నారు. హెడ్‌లైన్ చూస్తే లొంగిపోయినట్టుంది, ఫైల్ చూస్తే కొంత అధికారం వెనక్కి తీసుకున్నట్టుంది. రెండూ నిజమే. నా పన్నెండేళ్లలో నాకు బాగా నచ్చిన ఎత్తు అది.

డబ్బు లెక్క కూడా చూడాలి. 2024లో ఏఎస్‌ఎంఎల్ అమ్మకాలు 2,830 కోట్ల యూరోలు. ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో యంత్రాల అమ్మకాల్లో సగానికి దగ్గరగా చైనావే. ఎందుకు? రేపు తలుపు మూస్తారని తెలిసి చైనా కంపెనీలు ఇవాళే గోడౌన్లు నింపుకున్నాయి కాబట్టి. ఆంక్షలు పెట్టబోతున్నాం అని ఏడాది ముందు చెబితే ఏడాది పాటు అమ్మకాలు పెరుగుతాయి, ఇది ఏ కిరాణా కొట్టువాడికైనా తెలిసిన విషయమే, మంత్రులకి మాత్రం ప్రతిసారీ ఆశ్చర్యమే.

ఇంటి రాజకీయం కూడా ఇందులోకి వచ్చి పడింది. 2023 నవంబర్ ఎన్నికల్లో వలసలకి వ్యతిరేకి గేర్ట్ విల్డర్స్ పార్టీ మొదటి స్థానంలో నిలిచింది. విదేశీ విద్యార్థుల్ని తగ్గిస్తాం, విదేశీ ఉద్యోగుల పన్ను రాయితీ కోస్తాం అని మాటలు మొదలయ్యాయి. ఇక్కడి ఏఎస్‌ఎంఎల్ ఉద్యోగుల్లో దాదాపు నూటికి 40 మంది విదేశీయులు. కావలసిన మనుషులు దొరక్కపోతే ఎదుగుదల ఇంకెక్కడైనా చూసుకుంటాం అని కంపెనీ బహిరంగంగానే అంది. 2024 మార్చిలో ప్రభుత్వం ఐండ్‌హోవెన్ ప్రాంతానికి ఇళ్లు, రోడ్లు, చదువులు, కరెంటు కోసం 250 కోట్ల యూరోలు ప్రకటించింది, ‘బేతోవెన్’ అని పేరు పెట్టి. ఆ నెలల్లో మా తెలుగు వాట్సాప్ గ్రూపులో టెన్షన్ ఇంతా అంతా కాదు, ఇల్లు కొనాలా వద్దా అన్నదే రోజూ గోల.

ఇప్పుడు సంతకం ఎదురు తన్నిన కేసు, నెక్స్‌పీరియా. నైమేఖెన్‌లో హెడాఫీసు, పూర్వం ఫిలిప్స్ సంతానమే. చేసేవి డయోడ్లు, ట్రాన్సిస్టర్ల లాంటి చిల్లర చిప్పులు, ఒక్కోటి కొన్ని పైసల ఖరీదు, కానీ కార్ల నిండా అవే. 2019 నుంచి యజమాని వింగ్‌టెక్ అనే చైనా కంపెనీ. సిలికాన్ పలకలు జర్మనీలో హాంబర్గ్‌లో, ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర తయారవుతాయి. కోసి ప్యాక్ చేయడం మాత్రం ఎక్కువ భాగం, సుమారు 70 శాతం, చైనాలో డాంగ్వాన్‌లో.

2024 డిసెంబర్‌లో అమెరికా వింగ్‌టెక్‌ని తన నిషిద్ధ జాబితాలో పెట్టింది. 2025 సెప్టెంబర్ 29న కొత్త నియమం తెచ్చింది. జాబితాలో ఉన్న కంపెనీకి సగం వాటా ఉన్న ఏ అనుబంధ కంపెనీకైనా అదే శిక్ష. మర్నాడు, సెప్టెంబర్ 30న, డచ్ ఆర్థిక వ్యవహారాల మంత్రి విన్సెంట్ కారెమన్స్ 1952 నాటి సరుకుల లభ్యత చట్టాన్ని తీసి నెక్స్‌పీరియా మీద ప్రయోగించారు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో యుద్ధమొస్తే సరుకులు దొరకాలని చేసిన చట్టం, అప్పటిదాకా బీరువాలోనే ఉంది. మంత్రి చెప్పిన కారణం అమెరికా కాదు, కంపెనీ సీఈఓ ఝాంగ్ షుయెజెంగ్ ఆస్తుల్నీ టెక్నాలజీనీ బయటికి తరలిస్తున్నాడన్న అనుమానం. వారం తిరక్కుండా ఆమ్‌స్టర్‌డామ్‌లోని కంపెనీల కోర్టు సీఈఓని సస్పెండ్ చేసింది. ఆ కోర్టు పత్రాల్లోనే ఇంకో ముక్క బయటపడింది. అమెరికా జాబితా నుంచి మినహాయింపు కావాలంటే చైనా సీఈఓని మార్చక తప్పదని అమెరికా అధికారులు జూన్‌లోనే డచ్ విదేశాంగ శాఖకి చెప్పారని. మంత్రి మాత్రం అమెరికా ఒత్తిడి లేదన్నారు. రెండూ పక్కపక్కన పెట్టి మీరే చదువుకోండి.

చైనా దెబ్బ అక్టోబర్ 4నే పడింది. డాంగ్వాన్ నుంచి నెక్స్‌పీరియా సరుకు బయటికి వెళ్లకూడదని ఆపేసింది. కొన్ని పైసల చిప్పు లేక ఫోక్స్‌వాగన్ హెచ్చరికలు చేసింది, హోండా మెక్సికో ప్లాంట్ ఆగింది. కారు మొత్తం తయారై ఒక బటన్ దగ్గర ఆగిపోవడం ఊహించుకోండి. హేగ్‌లో సంతకం పెట్టినవాళ్లకి హాంబర్గ్‌లో పలక తమ చేతిలో ఉందని తెలుసు, దాన్ని కోసి పెట్టెలో పెట్టే చేయి డాంగ్వాన్‌లో ఉందన్నదాన్ని తక్కువ అంచనా వేశారు. నన్నడిగితే ఇది రాజకీయ తప్పు కంటే సప్లై చెయిన్ తప్పు. ఏ కంపెనీలోనైనా ప్లానింగ్ సెక్షన్‌లో కూర్చునే మనిషిని పిలిచి అడిగి ఉంటే పది నిమిషాల్లో చెప్పేవాడు.

ఎలా సర్దుబాటైందో చూడండి. అక్టోబర్ 29న నెదర్లాండ్స్‌లో ఎన్నికలు, మంత్రి ఉన్నదే ఆపద్ధర్మ ప్రభుత్వంలో. అక్టోబర్ 30న దక్షిణ కొరియాలోని బూసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశారు. అమెరికా తన సగం వాటా నియమాన్ని ఏడాది వాయిదా వేసింది, చైనా కొన్ని ఎగుమతులు వదిలింది. డచ్ కంపెనీ, జర్మన్ కార్లు, ముడి విప్పింది మాత్రం కొరియాలో, యూరప్ మనిషి ఎవరూ లేని గదిలో. నవంబర్ 19న కారెమన్స్ తన ఆదేశాన్ని పక్కన పెట్టారు. కంపెనీ లోపల డచ్ సగానికీ చైనా సగానికీ కొట్లాట మాత్రం అక్కడితో ఆగలేదు.

ఇక సరుకు లోపలికి వచ్చే వైపు, అంటే బ్రస్సెల్స్ సంతకం. చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద సబ్సిడీ విచారణ అని 2023 సెప్టెంబర్‌లో కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లయన్ ప్రకటించారు. 2024 అక్టోబర్ 4న ఓటింగ్: అనుకూలం 10, వ్యతిరేకం 5, తటస్థం 12. మన అసెంబ్లీ లెక్కలకి అలవాటైనవాళ్లకి 27లో 10 అంటే వీగిపోయినట్టు. ఇక్కడ రూలు తిరగేసి ఉంటుంది. సుంకాన్ని ఆపాలంటే యూరప్ జనాభాలో 65 శాతం ఉన్న 15 దేశాలు వ్యతిరేకించాలి. లేకపోతే కమిషన్ తన ఇష్టం. కాబట్టి ఓటెయ్యకుండా కూర్చున్న 12 దేశాలూ నిజానికి సుంకం దారిలోంచి పక్కకి తప్పుకున్నట్టే, బీజింగ్ వెళ్లి మాత్రం ‘మేం సమర్థించలేదు’ అని చెప్పుకోవచ్చు. ఇంత సౌకర్యమైన కుర్చీ ఇంకెక్కడా ఉండదు.

ఆ ఓటులో ఎవరి కడుపు ఎక్కడ ఉందో తెలుస్తుంది. జర్మనీ వ్యతిరేకించింది, ఎందుకంటే వాళ్ల కార్ల కంపెనీలకి చైనా పెద్ద బజారు, పైగా కొన్ని మోడళ్లు చైనాలోనే చేసి యూరప్‌కి తెస్తున్నారు. బీఎండబ్ల్యూ అయితే తర్వాత యూరోపియన్ కమిషన్ మీదే కోర్టుకి వెళ్లింది. హంగరీ వ్యతిరేకించింది, అక్కడ సెగెద్‌లో చైనా కార్ల కంపెనీ బీవైడీ, దెబ్రెత్సెన్‌లో చైనా బ్యాటరీ కంపెనీ సీఏటీఎల్ అప్పటికే ఫ్యాక్టరీలు కడుతున్నాయి. స్పెయిన్ ప్రధాని పెద్రో సాంచెజ్ ఓటుకి నెల ముందు చైనా వెళ్లి, యూరప్ పునరాలోచించాలని అక్కడినుంచే అన్నారు. అప్పటికి చైనా పంది మాంసం మీద విచారణ మొదలుపెట్టి ఉంది, స్పెయిన్ పెద్ద ఎగుమతిదారు. స్పెయిన్ తటస్థంగా కూర్చుంది. డిసెంబర్‌లో స్పెయిన్‌లోనే జరగోసా దగ్గర సీఏటీఎల్, కార్ల కంపెనీ స్టెలాంటిస్ కలిసి 410 కోట్ల యూరోల బ్యాటరీ ఫ్యాక్టరీ ప్రకటించాయి. ఒకటి ఇంకోదానికి ప్రతిఫలం అని నేను రాయను, ఎవరూ నిరూపించలేదు. వరస మాత్రం అది.

ఫ్రాన్స్ అనుకూలంగా ఓటేసింది, దెబ్బ కొన్యాక్ అనే వాళ్ల బ్రాందీ మీద పడింది. కార్లకీ సారాకీ ఏం సంబంధం అంటే, ఏమీ లేదు, అదే దాని అందం. ఎక్కడ ఒకే జిల్లాలో వేలమంది రైతులు ఒకే ఎగుమతి మీద బతుకుతున్నారో వెతికి అక్కడ గిచ్చుతారు. చైనా 2024 శరదృతువులో తాత్కాలిక సుంకాలు వేసింది, సరుకు పెద్ద పీపాల్లో వెళ్తే వర్తించదు, సీసాల్లో వెళ్తేనే. దాంతో హెన్నెసీ అనే కొన్యాక్ కంపెనీ సరుకుని పీపాల్లో పంపి చైనాలో సీసాల్లో నింపే ఆలోచన చేసింది, వెంటనే నవంబర్‌లో కార్మికులు సమ్మెకి దిగారు. చైనా సుంకం వేస్తే గొడవ ఫ్రాన్స్ లోపల యజమానికీ కార్మికుడికీ మధ్య మొదలైంది చూశారా. 2025 జులైలో తుది సుంకాలు వచ్చాయి, గరిష్ఠం 34.9 శాతం, కనీస ధర ఒప్పుకున్న పెద్ద కంపెనీలకి మినహాయింపు.

చిన్న దేశాన్ని ఒంటరిగా పట్టుకోవడం ఎలాగో చూడాలంటే లిథువేనియా. 2021 నవంబర్‌లో దాని రాజధాని విల్నియస్‌లో తైవాన్ ఆఫీసు తెరిచారు, పేరులో ‘తైపే’ బదులు ‘తైవాన్’ అని పెట్టారు, తైవాన్ తనదే అనే చైనాకి అది కోపం తెప్పించింది. డిసెంబర్‌కి చైనా కస్టమ్స్ కంప్యూటర్‌లో లిథువేనియా అనే దేశమే మాయమైంది, డ్రాప్‌డౌన్‌లో పేరు లేకపోతే సరుకు డిక్లేర్ చేయలేరు. లిథువేనియా చైనాకి నేరుగా అమ్మేది తన ఎగుమతుల్లో ఒక శాతం చుట్టూనే, అందుకని ఒత్తిడి జర్మన్ కంపెనీల మీదికి మళ్లింది, లిథువేనియా భాగాలు వాడకండి అని. దాన్ని చూసి యూరప్ బలవంతాన్ని ఎదుర్కొనే ఒక చట్టం చేసుకుంది, 2023 డిసెంబర్ 27 నుంచి అమల్లో ఉంది. 2025లో అమెరికా టారిఫ్‌ల గొడవ అంత పెద్దదైనా దాన్ని ఒరలోంచి తీయలేదు. కత్తి ఉంది, తీయడానికి మాత్రం 27 దేశాల్లో తగినంత మెజారిటీ కావాలి.

కంపెనీలు ఎప్పుడూ తమ దేశ విధానం వైపే ఉంటాయని కూడా అనుకోవద్దు. 2020లో స్వీడన్ 5జీలో చైనా కంపెనీ హువావేని నిషేధిస్తే సంబరపడాల్సింది దాని ప్రత్యర్థి, స్వీడన్ కంపెనీ ఎరిక్సన్. కానీ ఎరిక్సన్ సీఈఓ బోర్యె ఎక్‌హోమ్ నిషేధం వద్దని సొంత దేశపు వాణిజ్య మంత్రికి మెసేజ్‌లు పెట్టారు, చైనాలో తమ బజారు పోతుందని. 2021లో చైనా మొబైల్ అనే ఫోన్ కంపెనీ టెండర్‌లో ఎరిక్సన్ వాటా 11 శాతం నుంచి 2 శాతానికి పడింది. ప్రత్యర్థిని తప్పించినందుకు వచ్చిన బిల్లు అది.

అమెరికా వైపు గురించి ఒక్క మాట. 2025 జులై 27న స్కాట్లాండ్‌లోని టర్న్‌బెర్రీ గోల్ఫ్ కోర్సులో యూరప్ తన సరుకుల్లో ఎక్కువ భాగం మీద 15 శాతం అమెరికా సుంకానికి ఒప్పుకుంది. జనాభాలో అమెరికా కన్నా పెద్ద బజారు అంత తేలిగ్గా ఎందుకు తలొంచింది అని చాలామంది అడిగారు. మర్నాడు వాణిజ్య కమిషనర్ మారోష్ షెఫ్చోవిచ్ దాపరికం లేకుండా చెప్పేశారు, ఇది ఒక్క వాణిజ్యమే కాదు, భద్రత, యుక్రెయిన్ కూడా అని. అంటే కార్ల సుంకం మాట్లాడుతున్న బల్ల మీదే కనబడకుండా యుక్రెయిన్ కూడా ఉంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది యూరప్ పని.

మనకి దీంతో ఏం సంబంధం అని ఇంకొకరు అడిగారు కాబట్టి చెప్తున్నా. 2025 ఆగస్ట్‌లో అమెరికా మన మీద 50 శాతం సుంకం వేసినప్పుడు భీమవరం వైపు రొయ్యల రైతులు ఏమయ్యారో మీకు నాకన్నా బాగా తెలుసు. సెప్టెంబర్‌లో యూరప్ మన దేశంలోని మరో 102 మత్స్య ఉత్పత్తుల యూనిట్లకి ఎగుమతి అనుమతి ఇచ్చింది. 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో మళ్లీ మొదలైన భారత్-యూరప్ ఒప్పందం చర్చలు 2026 జనవరి 27న ముగిశాయి. ఇన్నేళ్లు కదలని ఫైలు కదిలిందంటే రెండువైపులా ఒకే మనిషి దెబ్బ తగిలింది కాబట్టి అనే నేననుకుంటున్నా. ఉక్కు, అల్యూమినియం మీద యూరప్ కార్బన్ పన్ను మాత్రం అలాగే ఉంది, 2026 జనవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది, మన ఉక్కు ఎగుమతిదారులకి అసలు లెక్క అక్కడ తేలుతుంది.

డిసర్టేషన్‌కి కేసు ఏది తీసుకోమంటారు అని కూడా అడిగారు. నెక్స్‌పీరియా తీసుకోండి. ఏఎస్‌ఎంఎల్ మీద ఇప్పటికే అందరూ రాశారు. నెక్స్‌పీరియా కేసు చిన్నది, తేదీలు స్పష్టంగా ఉన్నాయి, కోర్టు పత్రాలు పబ్లిక్‌గా దొరుకుతాయి, డచ్‌లో ఉన్నా బ్రౌజర్ అనువాదం సరిపోతుంది. ఒక పెద్ద కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: వాషింగ్టన్, హేగ్, బీజింగ్, హాంబర్గ్. బ్రస్సెల్స్‌కి కూడా ఒక గడి పెట్టి, 2024 డిసెంబర్ నుంచి 2025 నవంబర్ దాకా ఏ తేదీన ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారో నింపుకుంటూ పోండి. బ్రస్సెల్స్ గడి దాదాపు ఖాళీగా మిగులుతుంది, మీ మొదటి చాప్టర్ ఆ ఖాళీ గురించి రాయండి.